డఫీ రక్తవర్గం కథ

రక్తవర్గం అనగానే మనకు ఏ, బి, ఓ అక్షరాలూ, వాటి పక్కన ఆర్‌హెచ్ గుర్తూ మెదులుతాయి. ఎప్పుడో ఒకసారి రక్తం ఎక్కించుకొనేవారికి సాధారణంగా ఆ పొంతన చాలు. సికిల్‌సెల్, తలసీమియా రోగుల సంగతి వేరు. ఏళ్ల తరబడి పరుల రక్తం మీద ఆధారపడే వీరి దేహం, ఎర్రకణాల మీది చిన్న తేడాలను సైతం పసిగట్టి యాంటీబాడీలను పుట్టించవచ్చు. ఆపైన తగిన రక్తం దొరకడమే గగనమవుతుంది.

అటువంటి ఒక తేడా బయటపడిన వైనం చూడండి. 1950లో లండన్‌లో మేరీ కట్‌బుష్, పాట్రిక్ మాలిసన్, పార్కిన్ కలిసి ఒక హీమోఫీలియా రోగి రక్తంలో కొత్త యాంటీబాడీని గుర్తించారు. పలుమార్లు రక్తం ఎక్కించుకొన్న ఆ రోగి పేరు డఫీ. వర్గానికి ఆ పేరే స్థిరపడింది. దీనిలో ముఖ్యమైన యాంటిజెన్లు రెండు: డఫీ-ఏ, డఫీ-బి. న్యూయార్క్ నల్లజాతీయుల్లో చాలామంది ఎర్రకణాల మీద ఈ రెండూ లేవని 1955లో రూత్ సాంగర్ తదితరులు చూపారు.

మరి వారికి ఆ రెండూ లేని రక్తమే వెదకాలా? 1995లో పారిస్ పరిశోధకులు దీనికి జన్యువులో జవాబు కనుగొన్నారు. ఆ జన్యువును ఎర్రకణంలో పనిచేయించే భాగంలో టి అనే అక్షరం బదులు సి ఉంది. అందువల్ల ఎర్రకణంపై డఫీ-బి కనిపించదు. దేహంలోని ఇతర కణజాలాల్లో మాత్రం తయారవుతూనే ఉంటుంది. దేహానికి అది పరాయిది కాదు గనుక దానికి విరుద్ధంగా యాంటీబాడీ సాధారణంగా పుట్టదు. కాబట్టి ఈ మార్పు ఉన్నవారికి డఫీ-బి ఉన్న రక్తాన్ని కూడా ఇవ్వవచ్చు. సీరం పరీక్ష ఒక్కటే ఈ సంగతి చెప్పలేదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఇటీవల రక్తం ఎక్కించుకొన్న రోగి నమూనాలో దాతల ఎర్రకణాలు కలిసి ఉండి సీరం పరీక్షను తికమకపెడతాయి. తెల్లకణాల డీఎన్ఏను చదివే జన్యుపరీక్షకు ఆ బెడద బహు తక్కువ. 2024 జనవరిలో ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్ఎస్, సికిల్‌సెల్, తలసీమియా రోగులకు ఈ పరీక్షను అందించసాగింది.

ఈ కథకు మన దక్షిణాదితోనూ సంబంధం ఉంది. నీలగిరి ఆదివాసుల్లో సికిల్‌సెల్ లక్షణం ఉన్నదని 1952లో హెర్మన్ లేమన్‌తో కలిసి ప్రకటించినది ఆ మేరీ కట్‌బుషే. మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఆ వ్యాధి ఉంది. ఆఫ్రికా మూలాలవారి జన్యువు ఇచ్చిన జవాబును మన రోగులకు ఊహతో అన్వయించలేము. వీరి జన్యువులను వేరుగా చదవాలి. చదివిన తరువాత, పొంతన కుదిరే దాతలూ ముందుకు రావాలి.