పక్కనుండి కనిపెట్టినవారు: రాయలసీమలో ఊపిరితిత్తుల, గుండె రోగుల నర్సింగు చరిత్ర – సంఘకాపరులకు కొన్ని పాఠాలు

ఉపోద్ఘాతం

రొద్దం మండలంలోని ఒక పల్లెలో అర్ధరాత్రి ఎవరికైనా ఆయాసం వచ్చి, పడుకోలేక మంచం మీద లేచి కూర్చుంటే, విశ్వాసుల ఇంట మొదట పిలిచేవారిలో సంఘకాపరి ఒకరు. తరువాత 108 బండి పెనుకొండకో హిందూపురానికో పోతుంది; అక్కడ కాదంటే అనంతపురానికో బెంగళూరుకో పోతుంది. ఐ.సి.యు. తలుపు దగ్గర కాపరి ఆగిపోతాడు. లోపల రోగి పక్కన నర్సు నిలుస్తుంది. ఆ నర్సు పని ఎక్కడ నుండి వచ్చింది? దానిలో సంఘానికి భాగం ఉన్నదా? ఈ రెండు ప్రశ్నలను మేము చరిత్ర వెలుగులో పరిశీలిస్తున్నాము. యంత్రానికి ముందు గాని, యంత్రం వచ్చాక గాని, పక్కనుండి విడువక కనిపెట్టే మనిషి అవసరం తీరలేదన్నదే మా అభిప్రాయం.

1. ఆరోగ్యవరం: మందు లేని కాలపు పరిచర్య

మన ప్రాంతంలో ఊపిరితిత్తుల రోగుల సేవకు పేరుపొందిన తొలి స్థలం మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. పలు మిషను సంఘాలు కలిసి నడిపిన ఈ క్షయ ఆరోగ్యాశ్రమం 1915లో ప్రారంభమైంది. దీనిని తీర్చిదిద్దినవారు డెన్మార్కు దేశపు వైద్య మిషనరీ క్రిస్టియన్ ఫ్రిమాట్-మోలర్. అప్పటికి క్షయను చంపే మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. అంతవరకు చికిత్స అంటే విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారం. కొందరికి ఛాతీలోకి గాలి పంపి చెడిన ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వడం, మరికొందరికి శస్త్రచికిత్స. అటువంటి స్థితిలో జ్వరం చూడటం, కళ్లెను జాగ్రత్తగా పారవేయించడం, నెత్తురు కక్కిన రాత్రి రోగిని ఒంటరిగా విడువకపోవడం అనేవి చికిత్సకు తోడు కావు, చికిత్సలో ముఖ్యభాగమే.

2. కోపెన్‌హాగెన్, 1952: చేతులే యంత్రమైన వేళ

ఆరోగ్యవరానికి వైద్యుని పంపిన ఆ డెన్మార్కులోనే నేటి ఐ.సి.యు.కు నాంది పడింది. 1952లో కోపెన్‌హాగెన్ నగరంలో పోలియో ప్రబలింది. ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగులకు చాలినన్ని యంత్రాలు లేవు. తొలి మూడు వారాలలో అటువంటి 31 మందిలో 27 మంది చనిపోయారు. అప్పుడు మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ రోగి గొంతుకు రంధ్రం చేయించి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఊపిరి అందించే పద్ధతి చూపాడు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబగళ్లు రోగుల తలాపున కూర్చొని ఆ సంచులు నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. ఇటువంటి రోగులందరిని ఒకచోట చేర్చి, నిరంతరం కనిపెట్టే వార్డు 1953 చివరిలో అక్కడే ఏర్పడింది.

గుండె రోగుల విషయంలో మరొక మార్పు 1962 ప్రాంతంలో అమెరికాలో వచ్చింది. గుండె లయ తప్పినప్పుడు వైద్యుడు వచ్చేలోగా ప్రాణం పోతున్నందున, విద్యుత్ ఘాతం ఇచ్చే అధికారం, శిక్షణ నర్సులకే ఇచ్చారు. ఆజ్ఞ కొరకు ఎదురుచూచే స్థానం నుండి, చూచి నిర్ణయించే స్థానానికి నర్సు వచ్చింది.

3. ఆసుపత్రి నుండి ఇంటికి: 1959 పాఠం

ఇదే కాలంలో మద్రాసు నుండి వేరొక పాఠం వచ్చింది. 1956లో స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం కొందరు రోగులను ఆరోగ్యాశ్రమంలోను, కొందరిని ఇంట్లోను ఉంచి ఒకే మందులు ఇచ్చింది. 1959లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఇరుకు ఇండ్లలో మందు తీసుకున్నవారు కూడా దాదాపు అంతే బాగుపడ్డారు. ఇంటివారికి అదనపు ప్రమాదం కలుగలేదు. దీనితో ఆరోగ్యాశ్రమాల యుగం ముగిసింది. ఆరోగ్యవరం కూడా తరువాత సాధారణ ఆసుపత్రిగా మారింది. కాని కనిపెట్టే పని ముగియలేదు. అది ఇంటికి, వీధికి, సంఘానికి వచ్చింది. మందు మానకుండా చూడటమే ఇప్పుడు అసలైన నర్సింగు.

4. మన జిల్లా

1991లో పుట్టపర్తిలో సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ ఉచిత గుండె శస్త్రచికిత్సలు ప్రారంభించింది. ధర్మవరానికి చేరువలోని బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఆసుపత్రి నడుస్తున్నది. 2007లో ఆరోగ్యశ్రీ తొలి విడత జిల్లాలలో అనంతపురం ఒకటి. కాబట్టి బీదవానికి ఆపరేషను అందని దినాలు కొంత గతించాయి. అయితే కవాటం మార్చుకొని ఇల్లు చేరినవాడు నెత్తురు గడ్డకట్టకుండా మాత్ర మింగాలి, తరచుగా పరీక్ష చేయించుకోవాలి. కీళ్లవాత జ్వరం వలన గుండె చెడిన బిడ్డకు మూడు, నాలుగు వారాలకు ఒక పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి వేయించాలి. సాధారణ క్షయకు ఆరు నెలలు మందు తప్పదు. వీటిని తెగకుండా నడిపించే నర్సు ప్రతి పల్లెలో లేదు.

5. కాపరుల బాధ్యత

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. ప్రార్థన చేయించుకున్నాక మందు మానినవారిని మేము ఎరుగుదుము. కొందరు సేవకులు దానిని విశ్వాసానికి గుర్తుగా మెచ్చుకున్నారు కూడా. ఆరోగ్యవరం కట్టిన మిషనరీలు ప్రార్థననూ జ్వరపు పట్టికనూ ఒకదానికొకటి విరోధంగా చూడలేదు. స్వస్థతను గూర్చి బోధించువారు మాత్ర మానమని చెప్పరాదు. మానిన ఇంటికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టించాలి.

ఐ.సి.యు.లో పరామర్శకు వెళ్లేవారు చేతులు కడుక్కొని, నర్సు అనుమతి అడిగి, కొద్దిసేపే ఉండాలి. వెంటిలేటరు మీదున్నవారు మాట్లాడలేకపోయినా వినగలుగుతుండవచ్చు; పేరు పెట్టి పిలిచి, మనమెవరమో చెప్పి, మెల్లగా ప్రార్థించాలి. వారి మంచం దగ్గర వారి చావును గూర్చి మాట్లాడరాదు.

ముగింపు

కోవిడ్ దినాలలో, అనగా 2020, 2021లలో, వెంటిలేటరు మీదున్న రోగిని బోర్లా తిప్పడానికి నలుగురైదుగురు కలిసి చేతులు వేయవలసి వచ్చింది. ఒకరు తల, గొట్టం పట్టుకుంటే మిగిలినవారు దేహాన్ని తిప్పారు. మార్కు సువార్త రెండవ అధ్యాయంలో పక్షవాయువు గలవానిని మోసినవారు కూడా నలుగురే. వారి పేర్లు మనకు తెలియవు. రొద్దం పల్లెలలో మంచం పట్టినవారికి అటువంటి నలుగురిని సంఘంలో నుండి సిద్ధపరచడం, వారిలో ఒకరికి మాత్రల లెక్క, మరొకరికి ఆసుపత్రి తేదీల లెక్క అప్పగించడం నేటి కాపరి పరిచర్యలో భాగమని మేము నమ్ముచున్నాము.