ఇరుసు కందెన మొదలు రబ్బరు బుష్షు వరకు

కె.కోటపాడు ప్రాంతమున బండి యనిన చిరకాలము ఎడ్లబండియే. చక్రపు కుండలో ఇనుపగొట్టము, దానిలో ఇరుసు, నడుమ ఆముదమును గడ్డిమసిని కలిపిన కందెన. చోడవరము మీదుగా బెల్లపు దిమ్మలు అనకాపల్లి చేరినది ఆ కందెన బలముననే. కందెన ఆరినచో కూత వినబడును, ఇనుము అరుగును.

తొలినాటి మోటారుకారులును ఈ చిక్కును తప్పించుకొనలేదు. కమాను పట్టీల చెవులలో కంచు బుష్షులు. వాటికి పదేపదే గ్రీజు పట్టింపవలెను. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో రబ్బరును కాచి దానిని దృఢపరచు మార్గమును కనుగొనెను. 1920 తరువాతి సంవత్సరములలో ఉక్కు గొట్టముల నడుమ రబ్బరును బిగించిన బుష్షులు ప్రచారమునకు వచ్చెను. ఇందలి కీలకమేమనగా, ఇది జారదు. తనలో తాను మెలిపడి మరల విడును. రాపిడి లేదు గనుక కందెనతో పనిలేదు. పైగా నూనె తగిలినచో రబ్బరు ఉబ్బి చెడును. కందెన వేయుటయే మేలని తరతరములుగా నమ్మిన చేతికి ఇది వింతగా తోచుట సహజము.

ఉత్తరపారాలో తయారై 2014లో నిలిచిపోయిన అంబాసిడరు కారు, మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణికి సంతానము. వెనుక కమాను పట్టీలు, వాటి చెవులలో రబ్బరు బుష్షులు. నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ప్రాంతమున అట్టి పాతకారును నిలుపుకొనదలచిన వారికి అంగడిలో మరియొక సరకు ఎదురగును: పాలీయురేథేన్. 1937లో జర్మనీలో ఆటో బాయర్ బృందము కనుగొన్న పదార్థమునకు ఇది సంతతి. గట్టిది, నూనెకు లొంగదు, మలుపులలో కారు స్థిరముగా నిలుచును. అయితే ఈ బుష్షులలో పెక్కు మెలిపడుటకు మారు గొట్టముపై తిరుగును. తగిన సిలికాన్ గ్రీజు లేనిచో కీచుమనును. ఎడ్లబండి కూత మరల వచ్చినట్లే!

అంతకంటె పెద్ద మాట మరియొకటి కలదు. అంబాసిడరునకు వేరు చట్రము లేదు. రేకు శరీరమే భారమును మోయును. గతుకుల దెబ్బను మెత్తని రబ్బరు కొంత మ్రింగును. గట్టి బుష్షు దానిని నేరుగా రేకునకు చేర్చును. తుప్పుపట్టిన అతుకు విచ్చుట అక్కడనే మొదలగును. కనుక పల్లెదారుల కారునకు మా ఓటు రబ్బరునకే. పందెపు కారు సంగతి వేరు.

బిగించుటలో ఒక జాగ్రత్త అవసరము. జాకీపై కారు వ్రేలాడుచుండగా బోల్టు బిగించిన, దించగనే రబ్బరు మెలిపడియే యుండును, కొలదికాలములో చినుగును. తప్పు మాత్రము సరకుమీద పడును! చక్రములు నేలనాని, కారు తన బరువుతో కూర్చున్న పిదపనే తుదిబిగింపు చేయింపవలెను.