పాత కారుకు వెనుక యాక్సిల్ మారుస్తున్నారా? ముందు ఆర్‌సీ చూసుకోండి

మీ దగ్గర పాత అంబాసిడరో, ప్రీమియర్ పద్మినియో ఉందా? వెనుక నుంచి గుయ్‌మని శబ్దం, బ్రేక్ డ్రమ్ముల్లోకి ఆయిల్ లీకు వస్తుంటే యాక్సిల్ పని పడినట్టే. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అసలు యాక్సిల్ దొరక్కపోతే ‘వేరే బండిది వేద్దాం’ అనే సలహా రావచ్చు. ఒప్పుకునే ముందు ఇవి తెలుసుకోండి.

రిపేరా? మార్పా?

అదే మోడల్ యాక్సిల్‌ను అదే కొలతలతో వేస్తే అది మరమ్మతు. వేరే మోడల్‌ది వేసి స్ప్రింగ్ సీట్లు, ఛాసిస్ కోసి వెల్డింగ్ చేస్తే సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. వీల్‌బేస్, ఖాళీ బండి బరువు ఈ వివరాల్లోవే. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పులకు సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

ఎవరిని అడగాలి?

జనగామ (27), మహబూబాబాద్ (26), భూపాలపల్లి (25) జిల్లాల వారు తమ జిల్లా రవాణా అధికారి కార్యాలయంలోనే అడగాలి. ఈ జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. 2014లో తెలంగాణ ఏర్పడక ముందు ఉమ్మడి వరంగల్‌లో రిజిస్టరైన చాలా బండ్లకు ఏపీ 36 నంబరు ఉంటుంది. ఆర్‌సీలో పాత చిరునామా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోండి. సొంత కారు ఆర్‌సీ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. అక్రమ మార్పు బయటపడే చోటు అదే.

50 ఏళ్లు దాటితే?

2021 జులై నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించవచ్చు. కొత్తగా అయితే ఫీజు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత రెన్యువల్‌కు రూ.5,000. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. యాక్సిల్ పట్టించడానికి ఛాసిస్‌ను కోస్తే ఈ అవకాశమే చేజారవచ్చు. వింటేజ్ బండిని రోజువారీ తిరుగుడుకు, వ్యాపారానికి వాడకూడదు.

మెకానిక్‌ను ఏం అడగాలి?

• మొత్తం యాక్సిల్ మార్చాలా? క్రౌన్, పినియన్, బేరింగులు, సీళ్లు మారిస్తే సరిపోతుందా?
• రెండు చక్రాల మధ్య వెడల్పు, పళ్ల నిష్పత్తి పాతదానితో సమానమేనా? నిష్పత్తి మారితే స్పీడోమీటర్ తప్పు చూపించవచ్చు.
• ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, బ్రేకులు సరిపోతాయా?

బిల్లు, ఫొటోలు దాచుకోండి. పాత యాక్సిల్‌ను తుక్కుకు వేయకండి. మార్పు సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్‌కు చిక్కులు రావచ్చు. ఏది చేసినా వెల్డింగ్‌కు ముందే రవాణా కార్యాలయంలో అడగండి. ఒకసారి కోసిన ఛాసిస్ మళ్లీ అసలుది కాదు.