వారాల నుంచి వసతి గృహం వరకు: పుల్లలచెరువు ప్రాంత విద్యార్థి తొలి సంవత్సరపు నివాస నిర్ణయం – ఒక చారిత్రక పరిశీలన

ఉమ్మడి ప్రకాశం జిల్లా ఉత్తరపు అంచున, నల్లమల అడవికీ పల్నాటి సరిహద్దుకూ నడుమ ఉన్న మండలం పుల్లలచెరువు. వానను నమ్ముకున్న మెట్ట సేద్యం, ఫ్లోరైడు కలిసిన భూగర్భజలం, పనుల కోసం ఏటా సాగే వలసలు ఈ ప్రాంత జీవితాన్ని నిర్ణయించాయి. ఇక్కడి నుంచి ప్రకాశం జిల్లా కేంద్రమైన ఒంగోలు వంద కిలోమీటర్లకు పైగా దూరం. గుంటూరు అంతకు తక్కువేమీ కాదు. కర్నూలు చేరాలంటే నల్లమల దాటాలి. డిగ్రీకో, ఇంజనీరింగుకో, స్నాతకోత్తర విద్యకో ఎంపికైన విద్యార్థి ఇంట్లో మొదట చర్చకు వచ్చేది ఏ శాఖలో చేరాలన్నది కాదు, ఎక్కడ ఉండాలన్నది. విశ్వవిద్యాలయ వసతి గృహంలోనా, బంధువుల ఇంట్లోనా, నలుగురు కలిసి తీసుకున్న అద్దె గదిలోనా అన్న ఈ ప్రశ్నను విద్యాచరిత్ర రచనలు సాధారణంగా పట్టించుకోవు. కళాశాలల స్థాపన, పాఠ్యప్రణాళిక, ఉత్తీర్ణతల చరిత్ర రాసినంత విరివిగా విద్యార్థి అన్నం ఎక్కడ తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు అన్న చరిత్ర రాయలేదు. పశ్చిమ ప్రకాశం వంటి ప్రాంతాల విషయంలో ఈ లోపం చిన్నది కాదు. ఇక్కడ ఉన్నత విద్య ఎవరికి దక్కిందన్నది చాలా కాలం పాటు నివాసం ఎవరికి దొరికిందన్న దానిమీదే ఆధారపడింది.

వారాలు, పూటకూళ్ళు, గురువుగారి ఇల్లు

ఈ జిల్లా ఎవరి పేరు పెట్టుకుందో ఆ టంగుటూరి ప్రకాశం పంతులు బాల్యమే ఈ చరిత్రకు తొలి ఆధారం. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టిన ప్రకాశం చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. తల్లి సుబ్బమ్మ పిల్లలతో ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపారు. ఆనాటి సమాజంలో అది గౌరవం తగ్గించే వృత్తి. ఆ రాబడి చాలక ప్రకాశం సంపన్నుల ఇళ్ళలో వారాలకు కుదిరారు. ఆ తర్వాత మిషన్ పాఠశాల ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు రాజమహేంద్రవరం వెళుతూ ఆయనను వెంట తీసుకువెళ్ళి చదివించారు. ఆయన ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’ ఈ దశలను దాపరికం లేకుండా చెబుతుంది.

ఈ ఒక్క జీవితంలోనే వసతి గృహానికి ముందున్న మూడు పద్ధతులూ కనిపిస్తాయి. వారాల పద్ధతిలో వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట భోజనం. పూటకూళ్ళ ఇంట్లో డబ్బిచ్చి తినాలి. మూడోది సంరక్షకుని ఇంట నివాసం. వారాల పద్ధతిని దాతృత్వానికి నిదర్శనంగా కీర్తించడం తెలుగు జీవితచరిత్రలలో పరిపాటి. అందులో దాతృత్వం ఉన్న మాట నిజమే. అయితే ఆ పంక్తిలో కూర్చునే అర్హత ఎవరికి ఉండేదన్నది అంతకంటే ముఖ్యమైన విషయం. వారాలబ్బాయి దాదాపు ఎప్పుడూ బ్రాహ్మణ బాలుడే. మాల, మాదిగ పిల్లవాడికీ, ఆనాటి కాపు లేదా యాదవ రైతు బిడ్డకూ ఆ తలుపులు తెరుచుకోలేదు. ప్రకాశం విషయంలో గమనించదగినది ఇంకొకటి ఉంది. ఆయనను నిజంగా గట్టెక్కించినవాడు తన కులం కాని ఉపాధ్యాయుడు. ఇలాంటి ఆదరణ వ్యక్తి మంచితనం మీద నిలిచేది. అది వ్యవస్థ కాలేదు.

దళిత బాలలకు ఇంటికి దూరంగా ఉండి చదివే అవకాశం ఈ ప్రాంతంలో మొదట వచ్చింది మిషన్ల ద్వారా. జాన్ క్లౌ 1866లో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ కార్యకలాపాలు ఆరంభించారు. 1876–78 నాటి కరువు తర్వాత మాదిగలు పెద్ద సంఖ్యలో క్రైస్తవంలో చేరారు. కాలక్రమంలో కంభం, మార్కాపురాలు కూడా మిషన్ కేంద్రాలయ్యాయి. మిషన్ బోర్డింగు పాఠశాలలు విశ్వవిద్యాలయ వసతి గృహాలు కావు. అయినా పశ్చిమ ప్రకాశంలో కూలి కుటుంబపు పిల్లవాడు తిండికీ పడకకూ ఎవరి ఇంటి గడపా తొక్కకుండా చదవగల తొలి స్థలం అదే.

చట్టం నిర్వచించిన నివాసం

విద్యార్థి ఎక్కడ ఉండాలన్నది ప్రభుత్వ విషయంగా మారింది 1904 నాటి భారత విశ్వవిద్యాలయాల చట్టంతో. అనుబంధ గుర్తింపు కోరే కళాశాల, తల్లిదండ్రుల వద్ద గానీ సంరక్షకుల వద్ద గానీ ఉండని విద్యార్థులకు తన ఆవరణలోనో, తాను ఆమోదించిన బసలోనో నివాసం ఏర్పాటు చేయాలని ఆ చట్టం షరతు పెట్టింది. వారి పర్యవేక్షణ, శారీరక సంక్షేమం కూడా ఆ షరతులో భాగమే. తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్ (1917–19) బోధనా, నివాసమూ ఒకే చోట ఉండే విశ్వవిద్యాలయాన్ని ఆదర్శంగా చూపింది.

ఈ నిబంధనలో మొదటి స్థానం తల్లిదండ్రుల ఇంటిది, రెండోది సంరక్షకునిది, వసతి గృహం ఆ తర్వాతది. మద్రాసు, రాజమహేంద్రవరం వంటి పట్టణ కుటుంబాలను దృష్టిలో పెట్టుకుంటే ఈ వరుస సహజంగానే ఉంటుంది. నాటి కర్నూలు జిల్లా మార్కాపురం తాలూకా పల్లెకు ఆ వరుస తలకిందులు. తల్లిదండ్రుల ఇంటి నుంచి కళాశాలకు వెళ్ళే వీలే లేదు. పట్టణంలో సంరక్షకుడు ఉండాలంటే ఆ కులంలో అప్పటికే ఎవరో ఒకరు ఉద్యోగమో, వ్యాపారమో, వకీలు పనో చేస్తూ ఉండాలి. అంటే ముందు తరం చదివి ఉంటే తప్ప రెండో మార్గం కూడా లేదు. మిగిలింది వసతి గృహమే. చట్టం చివర పెట్టిన మార్గమే ఇక్కడివారికి ఏకైక మార్గమైంది.

ఆ వసతి గృహాన్నైనా మొదట విరివిగా కట్టింది విశ్వవిద్యాలయాలు కావు, కుల సంఘాలు. హైదరాబాదులో కొత్వాలు రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో 1918లో రెడ్డి హాస్టల్ వెలసింది. సురవరం ప్రతాపరెడ్డి దాని నిర్వహణ బాధ్యతలు చూశారు. ఆంధ్ర ప్రాంతపు పట్టణాలలోనూ వైశ్య, కమ్మ, రెడ్డి, బ్రాహ్మణ విద్యార్థులకు వేరువేరు వసతులు ఏర్పడ్డాయి. వీటి వల్ల రైతు కుటుంబాల తొలి తరం పట్టభద్రులు తయారయ్యారు. అదే సమయంలో వారాల పంక్తిలోని కుల నియమం కొత్త భవనంలోకి మారింది. మద్రాసు ప్రభుత్వ లేబర్ శాఖ 1920ల నుంచి నిమ్న వర్గాలకు వసతి గృహాలు, ఉపకార వేతనాలు ఇవ్వడం, 1944లో షెడ్యూల్డు కులాలకు కేంద్ర ప్రభుత్వ పోస్టుమెట్రిక్ ఉపకార వేతన పథకం మొదలు కావడం ఈ నేపథ్యంలోనే అర్థమవుతాయి. కుల హాస్టల్‌లో చోటు లేనివాడికి రాజ్యమే సంరక్షకుడు కావలసి వచ్చింది.

వసతి గృహం ఆశ్రయమే కాదు, అధికారం కూడా. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతి గృహాలలో వందేమాతరం పాడటాన్ని నిషేధించినప్పుడు ధిక్కరించిన విద్యార్థులను బహిష్కరించారు. వందలాది మంది చదువు ఆగిపోయే స్థితి ఏర్పడింది. నాగపూర్ విశ్వవిద్యాలయం చాలామందికి చోటిచ్చింది. అలా అక్కడికి వెళ్ళినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న 1971లోనే నల్లగొండ జిల్లా సర్వేలులో రాష్ట్రపు తొలి గురుకుల పాఠశాల మొదలైంది. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్ళి గురుకులాలు వచ్చాయి. అదే 1972లో స్వాతంత్ర్య రజతోత్సవాల గుర్తుగా కర్నూలులో రజతోత్సవ ప్రభుత్వ కళాశాల నెలకొంది. మూడు ప్రాంతాల విద్యార్థులనూ ప్రతిభ ఆధారంగా చేర్చుకొని, తప్పనిసరిగా అక్కడే ఉంచి చదివించే డిగ్రీ కళాశాల అది. తొలి సంవత్సరం ఎక్కడ ఉండాలన్న ప్రశ్నే అక్కడ లేదు. ఎంపికైతే నివాసమూ ఎంపికైనట్లే.

జిల్లా గీత మారిన తర్వాత

పుల్లలచెరువు విద్యార్థి ఏ విశ్వవిద్యాలయానికి వెళ్ళాలన్నది అతని ఇష్టం కంటే పటం మీది గీతలపై ఎక్కువగా ఆధారపడింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినా దత్త మండలాల జిల్లాలు చివరికి మద్రాసుతోనే మిగిలాయి. 1937 శ్రీబాగ్ ఒప్పందంలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం కావాలన్న అంశం చేరడానికి ఈ దూరమే కారణం. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక రాయలసీమకు సొంత కేంద్రం దొరికింది. కర్నూలు జిల్లా భాగంగా మార్కాపురం ప్రాంతం కూడా అటువైపే చూసింది.

1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుంచి ఇటు వచ్చాయి. పాలనాపరంగా దీనిని ఎందరో చర్చించారు. విద్యార్థి నివాసంపై దాని ప్రభావం మాత్రం చర్చకు రాలేదు. ఆరు సూత్రాల పథకం పర్యవసానంగా 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, విద్యాసంస్థల ప్రవేశాలలో స్థానికులకు 85 శాతం సీట్లు కేటాయించింది. కర్నూలు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతంలో, ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతంలో చేరాయి. నాలుగేళ్ళ క్రితం వరకు కర్నూలు జిల్లావాడైన పుల్లలచెరువు విద్యార్థి ఈ ఉత్తర్వుతో కర్నూలు, తిరుపతులకు స్థానికేతరుడయ్యాడు. విశాఖపట్నానికి స్థానికుడయ్యాడు. నేలా, వానా, కరువూ రాయలసీమవి. సీటు మాత్రం కోస్తాది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడటంతో దూరం కొంత తగ్గింది. తర్వాత ఒంగోలులోని దాని స్నాతకోత్తర కేంద్రమూ, ఇటీవల ఆంధ్రకేసరి పేరిట వచ్చిన విశ్వవిద్యాలయమూ ఇంకొంత తగ్గించాయి. అయినా రోజూ ఇంటికి పోయి రాగల దూరం ఏదీ కాలేదు.

ఇదే ఉత్తర్వులో ఇంకొక మెలిక ఉంది. స్థానికతను లెక్కించేది ప్రధానంగా తల్లిదండ్రుల ఊరిని బట్టి కాదు, అర్హత పరీక్షతో ముగిసే వరుసగా నాలుగేళ్ళు విద్యార్థి చదివిన ప్రాంతాన్ని బట్టి. అలా కుదరని పక్షంలో ఏడేళ్ళలో ఎక్కువ కాలం ఎక్కడ చదివాడో చూస్తారు. ఆరో తరగతిలోనే గురుకులానికి పంపిన ఇల్లు ఆనాడే, తెలియకుండానే, విశ్వవిద్యాలయపు తొలి సంవత్సరాన్ని కూడా కొంత నిర్ణయించినట్లు. రాయలసీమ గురుకులంలో పెరిగిన పుల్లలచెరువు పిల్లవాడు సొంత జిల్లాలో స్థానికేతరుడు కాగలడు.

దరఖాస్తులోని ఒక గడి

ఉపకార వేతనాల దరఖాస్తు ఈ చరిత్రనంతా ఒక్క గడిలోకి కుదించింది: డే స్కాలరా, హాస్టలరా? హాస్టలర్లలోనూ ప్రభుత్వ శాఖ హాస్టల్, కళాశాల హాస్టల్, విద్యార్థులే నడుపుకొనే హాస్టల్ అన్న తేడాలున్నాయి. చివరిది ప్రత్యేకంగా గమనించదగినది. ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకొని, వంటమనిషిని పెట్టుకొని, ఖర్చు పంచుకొనే విద్యార్థి బృందాన్ని ప్రభుత్వం ఒక నివాస రూపంగా గుర్తించిందంటే, సొంత హాస్టళ్ళు చాలలేదని అది పరోక్షంగా ఒప్పుకున్నట్లే. 2020లో మొదలైన వసతి దీవెన పథకం ఏడాదికి ఐటీఐ విద్యార్థికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన 20,000 రూపాయలు తల్లి ఖాతాలో రెండు విడతలుగా వేయాలని నిర్ణయించింది. పథకాల పేర్లు ప్రభుత్వాలతో మారుతూ వచ్చాయి. మెట్ట రైతు ఇంట్లో చిక్కు మొత్తం గురించి కాదు, వేళ గురించి. తొలి సంవత్సరపు ప్రవేశాలు ఖరీఫ్ పెట్టుబడుల నెలల్లో వస్తాయి. పత్తి, కంది, మిరప చేతికొచ్చి డబ్బు కనబడేసరికి సగం విద్యాసంవత్సరం గడిచిపోతుంది. హాస్టల్ డిపాజిట్టు మాత్రం చేరిన రోజే కట్టాలి. ఆ రోజు డిపాజిట్టు కట్టలేక బంధువుల ఇంటికి వెళ్ళినవాడిని కాగితం మీద డే స్కాలర్ అంటారు. ఇంటి నుంచి చదువుకొనే పట్టణ విద్యార్థిని కూడా అదే మాటతో లెక్కిస్తారు. గణాంకాలను నమ్మి పరిశోధన చేసేవారు ఈ తేడాను మరవరాదు.

తొలి సంవత్సరానికి ప్రత్యేకమైన భయం ర్యాగింగు. ఆంధ్రప్రదేశ్ 1997లోనే దానిని నిషేధిస్తూ చట్టం చేసింది. రాఘవన్ కమిటీ సిఫారసుల తర్వాత యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనలు కొత్త విద్యార్థులను వీలైనంతవరకు వేరే హాస్టల్ భాగంలో ఉంచాలని, విద్యార్థి, తల్లిదండ్రులు ప్రమాణపత్రాలు ఇవ్వాలని చెప్పాయి. చదువురాని తల్లిదండ్రులు తమకు అర్థం కాని ఆ పత్రం మీద వేలిముద్ర వేయడంలోని వైచిత్రి అలా ఉంచితే, తొలి సంవత్సరాన్ని వేరే రక్షణ కావలసిన దశగా నియమాలు గుర్తించడం ముఖ్యమైన మార్పు. 1904 చట్టం విద్యార్థిని బయటి ఊరి ప్రలోభాల నుంచి కాపాడాలనుకుంది. 2009 నిబంధనలు వసతి గృహం లోపలి మనుషుల నుంచే కాపాడవలసి వచ్చింది.

ఆడపిల్లల విషయంలో నిర్ణయపు వరుసే వేరు. పై చరిత్రలోని వారాలు, కుల హాస్టళ్ళు, గురువుగారి ఇల్లు ప్రధానంగా మగపిల్లల మార్గాలు. సుబ్బమ్మ పూటకూళ్ళ ఇంట్లో వండింది, ఆ అన్నంతో చదువుకున్నది కొడుకు. 1983లో తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం వచ్చేనాటికి కూడా మెట్ట పల్లెలలో పదో తరగతి దాటిన ఆడపిల్లకు పెళ్ళి ప్రయత్నాలు మొదలయ్యేవి. విద్యలో వెనకబడిన మండలాల బాలికల కోసం 2004లో వచ్చిన కస్తూర్బా విద్యాలయాలు, అంతకు ముందు నుంచీ ఉన్న సాంఘిక సంక్షేమ గురుకులాలు, చెంచు గూడేల పిల్లల ఆశ్రమ పాఠశాలలు ఈ స్థితిని కొంత కదిలించాయి. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలైన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి తర్వాత ఆరేళ్ళు ఆవరణలోనే ఉంచి చదివించే పద్ధతిని తెచ్చాయి. అక్కడ సీటు వస్తే ఎక్కడ ఉంటుందన్న తండ్రి ప్రశ్నకు జవాబు ప్రవేశ పత్రంలోనే ఉంటుంది. మామూలు డిగ్రీ, ఇంజనీరింగు కళాశాలలో సీటు వచ్చిన అమ్మాయికి ఆ జవాబు ఉండదు. హాస్టల్‌లో చోటు ఖాయమైందన్న కబురు చేరేదాకా ఆ ఇంట్లో చదువు సంగతి తేలదు. అబ్బాయికి హాస్టల్ దొరకకపోతే గది వెతుకుతారు. అమ్మాయికి దొరకకపోతే దగ్గరి పట్టణంలో ఏ కోర్సు ఉంటే అందులో చేర్పిస్తారు, లేదా ఆపేస్తారు. దేశమంతటి బడిపిల్లలకు పలకలు పంపిన మార్కాపురం పరిసరాలలో, పలక మీద ఒకేసారి అక్షరాలు దిద్దిన అన్నాచెల్లెళ్ళు విడిపోయేది ఇక్కడే.