మళ్ళీ మళ్ళీ మొరాయించే ర్యామ్: కొత్తది కొనే ముందు ఇంట్లోనే చూసుకోవలసినవి

కంటోన్మెంట్‌లో తరతరాలుగా ఉంటున్న మన తెలుగువాళ్ళ ఇళ్ళలో డెస్క్‌టాప్ అంటే ఇంటి బీరువా లాంటిదే. పెళ్ళి ఫోటోలు, అను ఫాంట్లలో టైపు చేయించిన దరఖాస్తులు, 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలవక ముందరి, మద్రాసు కాలం నాటి ఇంటి పత్రాల స్కాన్ కాపీలు కొందరికి అందులోనే ఉంటాయి. అలాంటి కంప్యూటరు తరచూ బ్లూ స్క్రీన్ చూపిస్తుంటే, బాగు చేయించిన నెలకే మళ్ళీ ఆగిపోతుంటే ఏం చేయాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

ముందు ఒక మాట. 'మెమొరీ ఫుల్' అని వస్తే అది చాలావరకు హార్డ్ డిస్కులో చోటు లేకపోవడం. ఇక్కడ మనం మాట్లాడుకునేది ర్యామ్ గురించి, అంటే పని జరుగుతున్నంతసేపూ సమాచారాన్ని పట్టి ఉంచే చిప్పుల పట్టీ గురించి.

ర్యామ్ మీద అనుమానం ఎప్పుడు?

ఆన్ చేయగానే తెర రాకుండా బీప్ శబ్దాలు రావడం, ఒక్కోసారి ఒక్కో రకం బ్లూ స్క్రీన్ రావడం, 8 జీబీ వేయించినా 4 జీబీయే చూపించడం, బాగున్న ఫోటో తెరిస్తే సగం బూడిదరంగులో కనిపించడం. వీటిలో చివరిదే ప్రమాదకరం. మీరు కాపీ చేసే ప్రతి ఫైలూ ర్యామ్ గుండానే వెళ్తుంది. ర్యామ్ చెడితే కాపీ కూడా చెడవచ్చు, పైగా ఏ హెచ్చరికా రాకపోవచ్చు.

అందుకే పాత బ్యాకప్ మీద కొత్త బ్యాకప్ ఎక్కించకండి. అత్యవసరమైతే హార్డ్ డిస్కు విప్పి, వేరే మంచి కంప్యూటరుకు తగిలించి కాపీ తీసుకోండి. విండోస్ మళ్ళీ వేయించడం, డిస్కు రిపేరు చేయడం లాంటివి ర్యామ్ సంగతి తేలేదాకా ఆపండి.

దుమ్ము, ఎండ, ఎర్తింగ్

బళ్ళారి ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఫ్యానుకు, ఎస్‌ఎంపీఎస్‌కు దుమ్ము పట్టి గాలి ఆడకపోతే క్యాబినెట్ లోపల వేడి ఇంకా పెరుగుతుంది. ఉదయం బాగా పనిచేసి మధ్యాహ్నం ఆగిపోయే కంప్యూటరుకు ముందు దుమ్ము దులపాలి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? పాత ఇళ్ళలో ఎర్తింగ్ సరిగా లేకపోవడం దీనికి ముఖ్య కారణం. ఎలక్ట్రీషియన్‌తో అది సరిచేయించాకే మిగతా పని మొదలుపెట్టండి.

తీసి పెట్టడం

స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కండి. రంగు వేయని క్యాబినెట్ ఇనుమును చేత్తో ముట్టుకోండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు చిప్పులకు తగలకుండా ఇది కాపాడుతుంది. స్లాట్ చివర క్లిప్పులు తెరిచి ర్యామ్‌ను అంచులు పట్టుకుని తీయండి. బంగారురంగు కాంటాక్టులను మెత్తటి తెల్ల రబ్బరుతో తేలిగ్గా రుద్ది, పొడి లేకుండా తుడవండి. స్లాట్‌లోకి నోటితో ఊదవద్దు, తడి చేరుతుంది. తిరిగి పెట్టేటప్పుడు క్లిప్పు 'టక్' మనాలి. చాలాసార్లు జబ్బు ఇక్కడితోనే నయమవుతుంది.

ఒక్కొక్కటిగా పరీక్ష

విండోస్‌లో 'మెమొరీ డయాగ్నస్టిక్' అనే ఉచిత పరీక్ష ఉంది. అంతకన్నా గట్టిది మెమ్‌టెస్ట్86+. దీన్ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి రాత్రంతా వదిలేయండి. వేసవిలో మధ్యాహ్నం కూడా ఒకసారి నడపండి. ఒక్క తప్పు కనిపించినా పాస్ కానట్టే.

రెండు స్టిక్కులుంటే ఒక్కోదాన్ని ఒక్కో స్లాట్‌లో పెట్టి చూసి, ఫలితం కాగితం మీద రాసుకోండి.

• ఒకే స్టిక్ అన్ని స్లాట్లలో తప్పు చూపిస్తే: స్టిక్ పోయింది.
• ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పు వస్తే: స్లాట్‌ది లేదా మదర్‌బోర్డుది లోపం.
• విడివిడిగా బాగుండి, కలిపితే తప్పు వస్తే: రెండిటికీ జత కుదరలేదు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆపి, మామూలు వేగంతో చూడండి.
• అన్నిచోట్లా అన్నీ తప్పులే అయితే: ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు, ప్రాసెసర్ చూపించాలి.

మార్చిన ర్యామ్ కూడా నెలలోనే పోతోందంటే చివరి కారణాన్నే అనుమానించాలి. స్టిక్కులు మారుస్తూ పోతే డబ్బు దండగ.

కొనేటప్పుడు

డీడీఆర్3 మామూలుగా 1.5 వోల్టులతో, డీడీఆర్4 1.2తో, డీడీఆర్5 1.1తో పనిచేస్తాయి. కోత గాడి ఒక్కోదానికి ఒక్కోచోట ఉంటుంది కాబట్టి ఒకటి మరొకదానిలో పట్టదు. పట్టకపోతే బలవంతంగా నొక్కవద్దు. పాత స్టిక్‌ను దుకాణానికి తీసుకెళ్ళడం మేలు. 2025 చివరి నెలల్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ప్రపంచమంతటా ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకని పరీక్ష చేయకుండా కొనకండి. పాత స్టిక్ బిల్లు ఉంటే వారంటీ అడగండి. దాని మీది స్టిక్కరు చింపవద్దు.

కొత్తది పెట్టాక కూడా ఒక రాత్రి పరీక్ష నడపండి. తప్పులేమీ రాకపోతే, ముఖ్యమైన ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూసి, అప్పుడు రెండు చోట్ల బ్యాకప్ తీసుకోండి. ర్యామ్ మళ్ళీ కొనుక్కోవచ్చు, తాతగారి కాలం నాటి పత్రాన్ని కొనలేం.