యెరవాడ లేని ‘గాంధీ’

రిచర్డ్ అటెన్‌బరో 1982లో తీసిన ‘గాంధీ’ నిడివి 191 నిమిషాలు. 8 ఆస్కార్‌లు గెలిచింది. బెన్ కింగ్‌స్లీ నటన, జలియన్‌వాలాబాగ్ కాల్పులు, దండి యాత్ర, సత్యాగ్రహులపై లాఠీలు... అన్నీ గొప్పగా తీశారు. అయినా చరిత్ర తెలిసినవారికి చివరికి వెలితే మిగులుతుంది. గాంధీని నిలదీసిన అంబేడ్కర్ అందులో ఎక్కడా కనిపించకపోవడమే అందుకు కారణం.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. దానికి వ్యతిరేకంగా గాంధీ సెప్టెంబర్ 20న యెరవాడ జైలులో ఆమరణ దీక్షకు పూనుకున్నారు. ఆయన ప్రాణం ఒకవైపు, కోట్లాది మంది రాజకీయ హక్కు మరోవైపు. ఆ ఒత్తిడిలోనే అంబేడ్కర్ సెప్టెంబర్ 24న పూనా ఒప్పందానికి తలొగ్గారు. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, ఉమ్మడి ఓటర్లతో 148 రిజర్వుడ్ స్థానాలు వచ్చాయి. చౌరీచౌరా తర్వాతి దీక్షనూ, కలకత్తా దీక్షనూ చూపిన సినిమా ఈ దీక్షను వదిలేసింది.

ఒక జీవితమంతా మూడు గంటల్లో ఇమడదు, నిజమే. కానీ ఏది వదిలారన్నదే దర్శకుడి చరిత్ర దృష్టిని చెబుతుంది. జిన్నా ఉన్నాడు కదా అంటే, ఆయన ప్రధానంగా దేశ విభజన కోరిన ప్రత్యర్థిగా కనిపిస్తాడు. గాంధీ నైతికతనే ప్రశ్నించే గొంతు మాత్రం లేదు. అంబేడ్కర్ ఉంటే గాంధీ చిన్నబోయేవారన్న భయం అనవసరం. బలమైన వాదనను ఎదుర్కొన్న గాంధీయే మరింత నిజమైన మనిషి. 2000లో జబ్బార్ పటేల్ తన అంబేడ్కర్ చిత్రంలో ఆ ఘర్షణను తెరకెక్కించారు. కాబట్టి అది సినిమాకు అందని విషయం కాదు. మహనీయుణ్ణి ప్రశ్నలకు అతీతుణ్ణి చేసే సినిమా ఎంత పొడవున్నా చరిత్రకు న్యాయం చేయలేదు.