లిబీ హైమన్ – అకశేరుక జంతుశాస్త్ర కృషి: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

విజ్ఞానశాస్త్ర చరిత్రలో కొత్త విషయాలను కనుగొన్నవారికి దక్కిన స్థానం, అప్పటికే ఉన్న విజ్ఞానాన్ని పరీక్షించి క్రమబద్ధం చేసినవారికి తరచుగా దక్కదు. ఈ రెండవ కోవలో అగ్రగణ్యురాలు అమెరికన్ జంతుశాస్త్రవేత్త లిబీ హెన్రియెట్టా హైమన్ (1888–1969). ఆమె ప్రధాన గ్రంథరచన అంతా జీతం లేని కాలంలోనే సాగింది. అది ఎలా సాధ్యమైందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విద్యాభ్యాసం

అయోవా రాష్ట్రంలో, ఐరోపా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో హైమన్ జన్మించారు. 1905లో ఉన్నత పాఠశాల చదువును ప్రథమస్థానంలో ముగించినా, కర్మాగారంలో ఓట్స్ డబ్బాలకు లేబుళ్ళు అంటించే పనిలో చేరవలసి వచ్చింది. ఉపాధ్యాయిని మేరీ క్రాఫర్డ్ చొరవతో ఉపకారవేతనం లభించి, 1906లో షికాగో విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు. 1915లో చార్లెస్ మానింగ్ చైల్డ్ పర్యవేక్షణలో పిహెచ్.డి. పొంది, 1931 వరకు ఆయన ప్రయోగశాలలోనే సహాయకురాలిగా ఉండిపోయారు.

ఆర్థిక స్వేచ్ఛ

విద్యార్థుల కోసం ఆమె రెండు ప్రయోగశాల కరదీపికలు రచించారు. 1919లో వెలువడినది ప్రాథమిక జంతుశాస్త్రానికి, 1922లో వెలువడినది సకశేరుకాల తులనాత్మక శరీరనిర్మాణానికి సంబంధించినవి. ఆమె మక్కువ అకశేరుకాల మీద. ఆదాయం తెచ్చినది మాత్రం సకశేరుకాల పుస్తకం. ఆ రాయల్టీల ధైర్యంతోనే 1931లో ఉద్యోగం వదిలి, ఐరోపా పర్యటన అనంతరం న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. 1937 నుంచి అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ ఆమెకు పనిచేసుకొనే చోటు కల్పించింది; వేతనం ఇవ్వలేదు.

‘ది ఇన్వర్టిబ్రేట్స్’

1940–1967 మధ్య వెలువడిన ఈ 6 సంపుటాలు కేవలం సంకలనాలు కావు. వివిధ భాషలలో చెదిరి ఉన్న పరిశోధనలను ఆమె చదివి, బేరీజు వేసి, స్వయంగా చిత్రాలు గీశారు. శరీరకుహరం లేనివి, మిథ్యాశరీరకుహరం ఉన్నవి, నిజశరీరకుహరం ఉన్నవి అనే శ్రేణులుగా జంతువర్గాలను అమర్చిన తీరు పాఠ్యగ్రంథాలలో స్థిరపడింది. తరువాతి అణుస్థాయి పరిశోధనలు ఈ క్రమాన్ని సవరించాయి. అయినా సవరణకు తగిన స్పష్టమైన ప్రతిపాదనను ముందుంచడం కూడా శాస్త్రసేవే. 1951లో ఎలియట్ పతకం, 1960లో లండన్ లిన్నేయన్ సొసైటీ స్వర్ణపతకం ఆమెను వరించాయి.

ముగింపు

పార్కిన్సన్ వ్యాధి బాధిస్తున్నా హైమన్ ఆరవ సంపుటాన్ని పూర్తిచేశారు. అనెలిడా, ఆర్థ్రోపొడా వర్గాలు మిగిలిపోయాయి. ఆమె పాండిత్యాన్ని పోషించినది విశ్వవిద్యాలయ పదవి కాదు. కరదీపిక కొని చదువుకున్న విద్యార్థిలోకం. పాఠ్యపుస్తక రచనను పరిశోధన కంటే తక్కువగా చూసే దృష్టిని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని ఆమె జీవితం సూచిస్తుంది.